రింగ్‌లో తెరుచుకున్న డిగ్రీ ఫోల్డర్

ముందు వార్త చెప్పేస్తాను, తర్వాతే మిగతాది. మంగళవారం మధ్యాహ్నం నా డిగ్రీ పోస్టులో వచ్చింది! కవరు మీద 'వంచకూడదు' అని పెద్ద అక్షరాలతో ఉంది. మా నోవై ఊరి పోస్ట్‌మ్యాన్ దాన్ని కొంచెం వంచాడు. ఫరవాలేదు, ఆయన్ని క్షమించాను. ఆ రోజు ఎవరినైనా క్షమించేవాణ్ణి. అమ్మ వైపూ నాన్న వైపూ రెండు కుటుంబాల్లోనూ కాలేజీ డిగ్రీ అందుకున్న మొదటివాణ్ణి నేనే. ఆగస్టులో ఒక హైస్కూల్లో అసిస్టెంట్ ఫుట్‌బాల్ కోచ్‌గా చేరుతున్నాను.

మన చర్చి యువజన పత్రికలో ఉద్యోగ జ్ఞాపకాలు మామూలుగా రిటైరైన పెద్దవాళ్ళు రాస్తారు. నేనూ రిటైరైనవాణ్ణే. ప్రొఫెషనల్ రెజ్లింగ్ నుంచి, ఇరవై నాలుగేళ్ళ వయసులో. మొత్తం సర్వీసు పద్నాలుగు నెలలు, గెలిచిన మ్యాచ్‌లు రెండు. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు చెప్పడానికి నాకూ కొంత హక్కుంది.

మాది బాపట్ల దగ్గర. మా పెద్దమ్మ నర్సింగ్ డిప్లొమాతో అమెరికా వచ్చి, ఎన్నో ఏళ్ళు ఎదురు చూసి మా అమ్మని పిలిపించుకుంది. నాకప్పుడు పదేళ్ళు. నాన్న తొమ్మిదో తరగతి వరకు చదివాడు. ఇక్కడ కార్ల తలుపులకి ప్యానెళ్ళు బిగించే ఫ్యాక్టరీలో లైన్ మీద పని దొరికింది. అమ్మ ఇండియన్ స్టోర్ వెనక కిచెన్‌లో చపాతీలు చేసేది. చర్చిలో మిగతా అంకుల్స్ అందరూ ఆఫీసుల వాళ్ళు. వాళ్ళ పిల్లలు స్పెల్లింగ్ పోటీలకి వెళ్తుంటే నేను అడ్డంగా, నిలువుగా పెరుగుతూ పోయాను. ఆరడుగుల మూడంగుళాలు, మూడొందల పౌండ్లు. హైస్కూల్ కోచ్ నన్ను కారిడార్‌లో చూసిన రోజే నా చేతికి హెల్మెట్ ఇచ్చాడు.

అమెరికన్ ఫుట్‌బాల్లో నాది ముందు వరస. వెనకున్నవాడు బంతి విసిరేదాకా అవతలివాళ్ళని ఆపడమే పని. నాలుగేళ్ళ కాలేజీ ఆటలో బంతి నా చేతికి రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఎవరిదో పొరపాటు. నాన్న ఒక మ్యాచ్ చూసి, "ఏందిరా, ఆట అయిపోయేదాకా నీకు బంతే ఇవ్వలేదు, కులం చూశారా ఏంది?" అన్నాడు. కాదు నాన్నా, ఇక్కడ పొట్ట చూస్తారు అన్నాను.

చివరి ఏడాది మోకాలు దెబ్బతింది. స్కాలర్‌షిప్ ఆగింది. అప్పటికి నాకు మూడు కోర్సులు మిగిలాయి. అందులో స్టాటిస్టిక్స్ ఒకటి. దాన్ని అప్పటికే రెండుసార్లు తప్పాను. అయితే మా కాలేజీలో ఒక వెసులుబాటు ఉంది. సమ్మర్‌లో పూర్తి చేస్తానంటే మే నెలలోనే గౌను వేసుకుని స్టేజీ మీద నడవనిస్తారు. డీన్ చెయ్యి కలిపి ఒక మెరూన్ రంగు ఫోల్డర్ ఇస్తాడు. అందులో ఎవరికీ డిగ్రీ ఉండదు, 'అసలు పత్రం తర్వాత పోస్టులో వస్తుంది' అన్న చీటీ మాత్రం ఉంటుంది. కాలేజీకి వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో ఈ సంగతి అందరికీ తెలుసు. మా ఇంట్లో కాలేజీకి వెళ్ళింది నేనొక్కణ్ణే. స్టేజీ దిగుతూనే చీటీ తీసి జేబులో పెట్టుకున్నాను.

ఆ ఆదివారమే అమ్మ చర్చిలో నిలబడి చెప్పేసింది. తర్వాతి శనివారం మా అపార్ట్‌మెంట్‌లో కృతజ్ఞతా కూటం. ఉద్యోగం వచ్చినా, ఇల్లు కొన్నా, బిడ్డ పుట్టినా మనవాళ్ళు కూటం పెడతారని మీకు తెలుసుగా. పాటలు, బైబిల్ వాక్యం, ప్రార్థన, ఆపైన బిర్యానీ. మా ఇంట్లో అది మొట్టమొదటి కూటం. పాస్టర్ అయ్యగారు ఆ ఫోల్డర్ మూసి ఉండగానే ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చెయ్యేసి చాలాసేపు ప్రార్థన చేశారు. ఆ గదిలో నా అంత గట్టిగా కళ్ళు మూసుకున్నవాడు లేడు.

సమ్మర్‌లో కోర్సులకి కట్టలేదు. మళ్ళీ తప్పుతానని భయం. ఫోల్డర్‌కి ఫ్రేమ్ కట్టిస్తానని చెప్పి కారు డిక్కీలో పడేశాను.

ఆ తర్వాత ఒక జిమ్‌లో రిసెప్షన్ పని చేస్తుండగా ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. నలభై ఆరేళ్ళు, బట్టతల, వారమంతా స్కూల్ బస్సు నడుపుతాడు, వారాంతంలో చిన్న ఊళ్ళల్లో రెజ్లింగ్ చేస్తాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, "కిడ్, నువ్వు పడగలవా?" అని అడిగాడు.

"నన్ను ఎవరూ పడెయ్యలేరు," అన్నాను.

"అది అడగలేదు నేను."

ఒకప్పుడు టైల్స్ గోడౌన్‌గా ఉన్న షెడ్డు వాళ్ళ శిక్షణ కేంద్రం. మొదటి రోజు, ఫుట్‌బాల్ వాడిని కదా, ఆయన చేతిని ఎముకలు కలిసేలా పట్టుకున్నాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అక్కడ కొత్తవాడు వచ్చీరాగానే అందరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలపాలి, అదీ పిట్టని పట్టుకున్నంత మెత్తగా. "నీకెంత బలముందో చెప్పడానికి కాదిది," అన్నాడు. "నా ఒళ్ళు నీ చేతుల్లో పెడితే పగలకుండా కింద పెడతావని చెప్పడానికి."

అప్పుడు అర్థమైంది నాకు ఆ పనేమిటో. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. జనానికీ తెలుసు. కానీ ఎత్తడం నిజం, పడటం నిజం. ఎత్తినవాడు జాగ్రత్తగా లేకపోతే విరిగేది నిజం ఎముక. రెండు నెలలు నాకు పడటమే నేర్పాడాయన. గడ్డం ఛాతీకి ఆనించి, వీపంతా ఒకేసారి నేలకి తగిలేలా. నాలుగేళ్ళు నిలబడటమే పరువు అనుకున్నవాడికి పడటం ఒక పనితనమని తెలియడం చాలా కొత్తగా ఉంది. నిజం చెప్తున్నాను, ఆ రోజుల్ని నేను ప్రేమించాను.

వేషం ఎలా వచ్చిందో చెప్పాలి. మా షోలు నడిపేది ఒక ఓనరు, టికెట్లు చింపేదీ ఆయనే, పాప్‌కార్న్ వేయించేదీ ఆయనే. ఒకరోజు నా డిక్కీలో మోకాలి పట్టీలు వెతుకుతూ ఫోల్డర్ చూశాడు. తెరవలేదు. పైన బంగారు రంగు ముద్ర చాలు ఆయనకి. "దొరికింది! నువ్వు గ్రాడ్యుయేట్‌వి! విలన్‌వి!" అని ఎగిరాడు. అలా నేను కోటూ టైతో, చంకలో ఫోల్డర్‌తో రింగ్‌లోకి వచ్చి, మైక్ పట్టుకుని, "మీరంతా చదువుకోనివాళ్ళు, నేను గ్రాడ్యుయేట్‌ని, లేచి నిలబడండి!" అనేవాణ్ణి. ఫ్యాక్టరీ ఊళ్ళల్లో ఈ మాటకి వచ్చే తిట్లు అన్నీ ఇన్నీ కావు. శనివారం మైక్‌లో చెప్పే అబద్ధమే వారమంతా ఇంట్లో మైక్ లేకుండా చెప్తున్నాను. ఇంట్లో ఎవరూ తిట్టలేదు, అంతే తేడా. ఉద్యోగం ఏమిటంటే, "స్పోర్ట్స్ కంపెనీలో ఈవెంట్స్" అని చెప్పాను.

జూలైలో ఒక శనివారం. మా ఊరికి గంట దూరంలో సంత, పగలు రెండు గంటలకి షో. పశువుల షెడ్లకీ జెయింట్ వీల్‌కీ మధ్య గడ్డిలో రింగ్ వేశారు. ఎండ మాడుస్తోంది. ఆ రోజు నా ప్రత్యర్థి మా బస్సు డ్రైవర్ గురువే. ఆయన మంచివాడు, నేను చెడ్డవాణ్ణి, ఆయన గెలుస్తాడు. అంతా మామూలే.

మైక్ పట్టుకున్నాను. "నేను గ్రాడ్యుయేట్‌ని!" అన్నాను. మూడొందల మంది 'బూ' అన్నారు. ఒక్కడు మాత్రం చప్పట్లు కొట్టాడు.

చూస్తే మూడో వరసలో నాన్న. చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. ఆయన పక్కన ఫ్యాక్టరీ లైన్ మీది ఇద్దరు స్నేహితులు. పోస్టర్‌లో నా ఫొటో చూసి, ఇది నీ కొడుకు కాదా అని వాళ్ళే తీసుకొచ్చారట. నాన్నకి ఆ గోలంతా అర్థం కాలేదు. కొడుకు మైక్‌లో నేను గ్రాడ్యుయేట్‌ని అన్నాడు. అందుకని లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

మ్యాచ్ మొదలైంది. ఎనిమిదో నిమిషంలో మా గురువు మూలనున్న ఫోల్డర్ లాక్కుని నా నెత్తి మీద కొట్టాలి. కొట్టాడు. ఆ దెబ్బకి అది తెరుచుకుంది. ఎప్పుడూ తెరుచుకోలేదు అంతకుముందు. ఆయన లోపలికి చూశాడు, ఒక్క క్షణం నిజంగానే ఆశ్చర్యపోయాడు. కానీ పాతికేళ్ళ షోమ్యాన్ కదా, వెంటనే రెండు చేతులతో పైకెత్తి నాలుగు వైపులా తిప్పి చూపించాడు. "ఇందులో ఏమీ లేదర్రా! ఖాళీ!" అని దాన్ని గాల్లోకి గిరవాటు వేశాడు.

జనం విరగబడి నవ్వారు. నా పద్నాలుగు నెలల్లో అంత గోల ఎప్పుడూ రాలేదు.

అనుకున్న ప్రకారం నేను కోపంగా లేచి ఆయన్ని భుజం మీదికెత్తి, వీపు మీద పడేలా దించాలి. ఎత్తాను. ఎత్తినప్పుడు మూడో వరస కనిపించింది. నాన్న నవ్వట్లేదు. నన్ను చూడట్లేదు కూడా. నేల మీద దేనికోసమో చూస్తున్నాడు. నా చెయ్యి సడలింది. మా గురువు వంకరగా, భుజం మీద పడ్డాడు. ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడు.

పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఆయన పెదవులు కదపకుండా, "కాలర్‌బోన్. ఏడవకు. నా మీద పడబోయి తూలిపడు, మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు. తూలిపడ్డాను. ఒక్క చేత్తో నన్ను అదిమి పట్టి గెలిచాడు. విరిగిన ఎముకతో జనానికి దండం పెట్టి మరీ దిగాడు.

వెనక టెంట్‌లో సంత వాళ్ళ నర్సు ఆయన చెయ్యి కట్టేస్తోంది. ఓనరు మాత్రం నన్ను కౌగిలించుకున్నాడు. "బంగారం! ఖాళీ ఫోల్డర్ బంగారం! దొంగ గ్రాడ్యుయేట్! వచ్చే నెల నుంచి ప్రతి వారం ఎవరో ఒకరు దాన్ని తెరిచి చూపిస్తారు. టైటిల్ మ్యాచ్ నీదే, ఛాంపియన్ బెల్టు నీదే!"

నేను కారు తేవడానికి బయటికొచ్చాను. రింగ్ చుట్టూ కట్టిన నల్లగుడ్డ కింద నుంచి రెండు చెప్పులు కనిపించాయి. నాన్నవి. గుడ్డ ఎత్తి చూశాను. మోకాళ్ళ మీద పాకుతూ రింగ్ కింద ఉన్నాడు.

"నాన్నా! ఏం చేస్తున్నావక్కడ?"

"ఇక్కడే యాడో పడి ఉంటదిరా. ఆయన గట్టిగా ఇసిరేశాడు గదా, కాగితం జారిపోయింది. మా లైనోళ్ళిద్దర్నీ కుర్చీల కింద చూడమన్నా. నువ్వు అటుపక్క చూడు. గాలికి ఎగిరి పశువుల్లోకి పోయిందంటే ఇక దొరకదు."

దూరంగా ఆ ఇద్దరు పెద్దమనుషులు నిజంగానే వంగి ప్రతి కుర్చీ కిందా చూస్తున్నారు. మూడొందల మంది నవ్వినచోట ఆ ముగ్గురికి మాత్రమే, లోపల కాగితం ఉండేదని నమ్మకం.

గడ్డిలో కూర్చుండిపోయాను. "వెతకొద్దు నాన్నా. కాగితం లేదు."

"లేకపోవడమేందిరా, ఉండాలిగా."

"ఎప్పుడూ లేదు. నేను పాస్ అవ్వలేదు."

బయటికి వచ్చాడు. మోకాళ్ళకి అంటిన గడ్డి దులుపుకున్నాడు. చొక్కా దులుపుకున్నాడు. "మరి అయ్యగారు దాని మీద చెయ్యేసి ప్రార్థన చేశాడు గదరా," అన్నాడు.

నేను గడ్డిపరకలు పీకుతూ కూర్చున్నాను.

"ఎన్ని పోయినయ్?"

"మూడు."

"మూడేళ్ళా?"

"మూడు సబ్జెక్టులు."

"ఓరి నీ... మూడు సబ్జెక్టులకి ఇంత కథా? దాచిన తీరు చూసి అసలు కాలేజీకే పోలేదేమో అనుకున్నా." అని, లైన్ స్నేహితుల వైపు చెయ్యి ఊపి ఇంగ్లీషులో అరిచాడు. "స్టాప్, స్టాప్! నో పేపర్! త్రీ క్లాసెస్ బ్యాలెన్స్!" వాళ్ళు నడుం నిటారు చేసి నాకు భేష్ అన్నట్టు బొటనవేళ్ళు పైకెత్తి చూపించారు. ఏమనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆస్పత్రికి నేను డ్రైవ్ చేశాను. వెనక సీట్లో నాన్న మా గురువు మోచేతిని కుదుపు తగలకుండా రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు. పద్నాలుగేళ్ళు తలుపు ప్యానెళ్ళు గీత పడకుండా పట్టుకున్న చేతులు. దారిలో మా గురువుకి అంతా చెప్పాను. ఎముక విరగ్గొట్టినందుకు ఆయన ఒక్క మాటా అనలేదు. "స్కూళ్ళకి సెలవులు, బస్సు ఎలాగూ లేదు. రోజు మంచిదే ఎంచుకున్నావ్," అన్నాడు. తర్వాత అద్దంలో నా కళ్ళలోకి చూస్తూ, "కిడ్, మనం అబద్ధం అమ్ముతాం, నిజమే. జనం టికెట్ కొనుక్కుని మరీ వస్తారు దానికి. టికెట్ కొననివాళ్ళకి మాత్రం చెప్పకూడదు," అన్నాడు.

నాన్న నన్ను అడిగాడు. "ఏమంటున్నాడు?"

చెప్పాను.

"మంచి వాక్యం," అన్నాడు నాన్న.

ఇంటికొచ్చాక అమ్మకి చెప్పాను. అమ్మ ఏడుస్తుందనుకున్నాను, ఏడ్చింది. తిట్టింది కూడా. ఓనరు ఇస్తానన్న బెల్టు సంగతి ఎత్తాను, సిగ్గులేకుండా. నిజంగానే ఆశ ఉండింది. ఒక్క అబద్ధాన్ని పదిమంది ముందు తమాషా చేసేస్తే అది అబద్ధం కాకుండా పోతుందనిపించింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, "దేవుడి దగ్గర నువ్వేం దాచలేదు నాయనా, ఆయనకి ఆ రోజే తెలుసు. దాచింది మనోళ్ళ దగ్గర. కూటానికి వచ్చి తిని, నీకోసం ప్రార్థన చేసినోళ్ళ దగ్గర. రేపు సాక్ష్యాలప్పుడు లేచి చెప్పు. బెల్టు సంగతి తర్వాత చూద్దాం," అంది.

మరునాడు చర్చిలో, ఎవరి సంగతి వాళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచాను. మూడొందల మంది తిట్టే చోట మైక్ పట్టుకున్నవాణ్ణి, ఎనభై మంది ముందు ఎదుటి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. చెప్పాను. కూర్చున్నాను. తర్వాత వెనక వరసలో ఒక ఆంటీ లేచి నిలబడింది.

"అయ్యగారూ, అయితే ఆ బిర్యానీ చెల్లదండి. డిగ్రీ వచ్చాక మళ్ళీ పెట్టాల్సిందే."

చర్చి నవ్వింది. అమ్మ కూడా. ఆరాధన అయ్యాక, వరంగల్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అంకుల్ పార్కింగ్‌లో నన్ను ఆపాడు. "స్టాటిస్టిక్సేనా నీకు పోయింది? గంతదానికి పరేషాన్ ఎందుకు తమ్మీ! నాకు మాస్టర్స్ రెండున్నయ్, ఊరికి పోదామంటే మళ్ల రానీకి వీసా స్టాంపింగే లేదు. వీకెండ్ ఎటూ పోను. రా, చెప్త."

సోమవారం ఓనరుకి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పాను. అదీ నా రిటైర్మెంట్. వీడ్కోలు సభ లేదు, గడియారం బహుమతి లేదు.

పని చేసుకుంటూ ఒక్కొక్క కోర్సూ పూర్తి చేయడానికి రెండేళ్ళు పట్టింది. కాలేజీ మళ్ళీ చేర్చుకోవడానికి నాలుగు ఫారాలు నింపించింది. అంకుల్ డైనింగ్ టేబుల్ మీద స్టాటిస్టిక్స్ సాగింది. ఒకసారి సరదాగా, నా మ్యాచ్‌ల గెలుపోటములతో లెక్క చేద్దామన్నాను. "నువ్వు గెలుస్తవా లేదా అని ముందే డిసైడ్ చేసిన్రు. అది డేటా కాదు తమ్మీ, స్క్రిప్టు," అని కొట్టిపారేశాడు. మూడోసారి పాసయ్యాను. బి ప్లస్. ఆ ప్లస్ కూడా రాస్తున్నాను, ఎందుకు రాయకూడదు?

మీలో ఎవరికైనా ఎక్కడో రెండో మూడో సబ్జెక్టులు మిగిలి ఉంటే, ఎవరికీ చెప్పక డిక్కీలో పెట్టుకుని తిరుగుతుంటే, నా మాట వినండి. పడటం నేర్చుకోవచ్చు. గడ్డం ఛాతీకి ఆనించి, వీపంతా ఒకేసారి. చప్పుడు పెద్దగా వస్తుంది, దెబ్బ మాత్రం మీరు భయపడినంత ఉండదు.

మొన్న శనివారం రెండో కూటం పెట్టాం. అదే అపార్ట్‌మెంట్, అదే బిర్యానీ, ఈసారి రెండు డేగిసాలు. మా గురువు వచ్చాడు. భుజం కుదిరిపోయింది, బస్సూ నడుపుతున్నాడు, శనివారాలు ఇంకా పడుతూనే ఉన్నాడు. రాగానే వాళ్ళ పద్ధతి ప్రకారం గదిలో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి పిట్టని పట్టుకున్నంత మెత్తగా చెయ్యి కలిపాడు. "చూడటానికి ఎద్దులా ఉన్నాడు, చెయ్యి మాత్రం దూదే," అంది బిర్యానీ ఆంటీ.

ఆయన చంకలో ఆ మెరూన్ ఫోల్డర్ ఉంది. ఆ రోజు గడ్డిలోంచి ఎవరో తీసి ఇస్తే ఇన్నాళ్ళూ దాచాడట. ఒక మూల నా నెత్తికి తగిలి సొట్టపడింది. కొత్తది కొంటానంటే నాన్న ఒప్పుకోలేదు. కవరులోంచి డిగ్రీ తీసి, నాలుగు మూలలా ఉన్న రిబ్బన్ల కిందికి తనే దూర్చాడు, ప్యానెల్ బిగించినట్టు, ఒక్కో మూలా వేలితో నొక్కి చూసుకుంటూ. అయ్యగారు ప్రార్థనకి చెయ్యి చాపారు.

"ఆగండి అయ్యగారూ," అన్నాడు నాన్న.

ఫోల్డర్ తెరిచి, తలకిందులుగా పట్టుకుని, అందరి ముందూ గట్టిగా దులిపాడు. ఒకసారి. రెండోసారి.

"ఏందయ్యా అది, చిరుగుద్ది!" అని అమ్మ అరిచింది.

ఏమీ రాలలేదు. నాన్న వంగి, కార్పెట్ మీద ఒకసారి చూసుకుని మరీ, దాన్ని అయ్యగారి చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు చెయ్యండి," అన్నాడు.